గండుపిల్లికి మూత్ర గండం
అడ్డు తొలగించేది వైద్యుడు.. ఆపై కనిపెట్టుకుని ఉండాల్సింది నర్సు

కాలుకాలిన పిల్లి అన్న మాట మనకు కొత్త కాదు. మూత్రం ఆగిపోయిన మగపిల్లి అచ్చంగా అలాగే తిరుగుతుంది. ఇసుక తొట్టెలోకి వెళ్తుంది, కూర్చుంటుంది, ముక్కుతుంది, ఏమీ రాక లేస్తుంది. అయిదు నిమిషాలకు మళ్లీ వెళ్తుంది. స్నానాల గదిలో ఓ మూల, తలుపు దగ్గర ఓ మూల కూర్చుని చూస్తుంది. మధ్యమధ్యలో వెనక్కి వంగి మూత్రావయవాన్ని నాకుతూ ఉంటుంది. అరుపు కూడా మారుతుంది. ఇంట్లో వారు ఇదంతా చూసి మలబద్ధకం అనుకుంటారు. ఆముదం పట్టేవారు కొందరు, పెరుగన్నం పెట్టి రేపు చూద్దామనుకునేవారు కొందరు. తెల్లవారేసరికి పిల్లి తిరగడం మానేసి ఓ మూల ముడుచుకుని పడుకుంటుంది. తగ్గిందని ఇంటివారు సంతోషిస్తారు. వాస్తవానికి అది తగ్గడం కాదు, విషమించడం.

మగపిల్లుల్లో మూత్రమార్గం మూసుకుపోవడం పశువైద్యంలో అత్యవసర పరిస్థితుల్లో ఒకటి. పూర్తిగా అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో విషపదార్థాలు పేరుకుపోతాయి. చికిత్స అందకపోతే మూడు రోజుల్లోపే ప్రాణం పోయే ప్రమాదముంది. సకాలంలో ఆసుపత్రికి చేరిన పిల్లుల్లో అత్యధికం బతుకుతాయి. అయితే అడ్డు తొలగించడంతోనే పని పూర్తయిందనుకుంటే పొరపాటే. ఆ తర్వాతి రెండు మూడు రోజులు పిల్లిని గంటగంటకూ చూసుకునే మనిషి ఉండాలి. విదేశాల్లో ఆ మనిషిని పశువైద్య నర్సు అంటారు. మన జిల్లాల్లో ఆ పేరుతో ఉద్యోగం లేదు గానీ, పని మాత్రం ఉంది. అది ఎవరో ఒకరు చేయాల్సిందే.

ఎందుకు అడ్డుపడుతుంది?

ఆడపిల్లుల్లో మూత్రమార్గం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. అందుకే వాటిలో ఈ సమస్య అరుదు. మగపిల్లుల్లో అది పొడవుగా ఉండి, చివరికి వచ్చేసరికి బాగా సన్నబడుతుంది. మూత్రాశయం లోపలి పొర వాచినప్పుడు ఊడే జిగురు పదార్థం, మూత్రంలోని ఖనిజ స్ఫటికాలు కలిసి ముద్దగా మారి ఆ ఇరుకు చోట బిరడాలా బిగుసుకుంటాయి. కొన్నింటిలో చిన్న రాయి అడ్డుపడుతుంది. మరికొన్నింటిలో రాయీ ఉండదు, బిరడా ఉండదు. వాపుతో, కండరాల బిగుతుతోనే దారి మూసుకుపోతుంది. నాలుగు గోడల మధ్య పెరిగే పిల్లులు, ఒళ్లు చేసినవి, ఎండు గుళికల మేతపైనే ఆధారపడి నీళ్లు తక్కువ తాగేవి ఎక్కువగా దీని బారిన పడతాయి. ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం, ఇంట్లో చుట్టాల సందడి వంటివి కూడా పిల్లిని బెదరగొట్టి మూత్రాశయ వాపునకు దారితీస్తాయి.

ఈ జబ్బు రైతులకు పరిచయం లేనిది కాదు. ఎద్దులకు, మేకపోతులకు, పొట్టేళ్లకు రాయి అడ్డుపడి మూత్రం బిగుసుకోవడం పల్లెల్లో చూస్తూనే ఉంటాం. ఎద్దు మూత్రం పోయక కాళ్లు మారుస్తుంటే రైతు గంట కూడా ఆగడు, ఆసుపత్రికి పరుగెత్తుతాడు. పిల్లి విషయంలో ఆ తొందర కనిపించడం లేదు. పట్టణాల్లో అపార్టుమెంట్లలో పర్షియన్ పిల్లులు పెంచేవారు పెరిగారు కానీ, ఈ జబ్బు లక్షణాలు తెలిసినవారు అంతగా పెరగలేదు.

మూత్రం బయటికి పోకపోతే మూత్రాశయం ఉబ్బి నిమ్మకాయంత గట్టిగా చేతికి తగులుతుంది. ఒత్తిడి వెనక్కి మూత్రపిండాలపై పడుతుంది. యూరియా, క్రియాటినిన్ పెరుగుతాయి. వీటన్నింటికంటే ముందుగా ప్రాణం తీసేది పొటాషియం. మామూలుగా లీటరు రక్తంలో 3.5 నుంచి 5.5 మిల్లీమోల్స్ మధ్య ఉండాల్సిన ఈ లవణం మూత్రంతో పోయే దారి లేక పెరిగిపోతుంది. ఎనిమిది దాటితే గుండె లయ తప్పుతుంది, కొట్టుకోవడం మందగిస్తుంది, చివరికి ఆగిపోతుంది.

ఫోన్‌లోనే మొదలు

నర్సు పని పిల్లి ఆసుపత్రికి రాకముందే మొదలవుతుంది. చాలా క్లినిక్‌లలో ఫోన్ ఎత్తేది వైద్యుడు కాదు, సహాయకుడే. ‘మా పిల్లికి విరేచనం కావట్లేదండీ, రేపు తీసుకురమ్మంటారా’ అని అవతలి గొంతు అడుగుతుంది. ఇక్కడే సరైన ప్రశ్నలు వేయగలగాలి. మగదా, ఆడదా? చివరిసారి ధారగా మూత్రం పోయడం ఎప్పుడు చూశారు? చుక్కలు పడుతున్నాయా, రక్తం కనిపించిందా? వాంతి చేసుకుందా? మగపిల్లి ముక్కుతోందని, మూత్రం కనిపించలేదని తేలితే ఇక మాట ఒకటే ఉండాలి. రేపు కాదు, ఇప్పుడే తీసుకురండి. చుక్కలు పడుతున్నాయన్న మాటను నమ్మి ఊరుకోరాదు. పూర్తిగా మూసుకుపోవడానికి ముందు దశ అదే కావచ్చు.

అదే ఫోన్‌లో చెప్పాల్సిన జాగ్రత్తలు మరో రెండున్నాయి. పొట్ట నొక్కి మూత్రం తెప్పించాలని చూడవద్దు. ఉబ్బిన మూత్రాశయం పగిలే ప్రమాదముంది. నొప్పి తగ్గుతుందని మన మాత్రలు వేయవద్దు. మనిషికి జ్వరానికి వేసే పారాసిటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచి నిర్వీర్యం చేసే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా అంతే ప్రమాదకరం.

బల్ల మీదికి చేరాక

ఆసుపత్రికి వచ్చిన పిల్లిని వరుసలో కూర్చోబెట్టకూడదు. ముందు బరువు, ఉష్ణోగ్రత, గుండె వేగం చూడాలి. ఈ మూడూ నర్సు పనులే. భయంతో ఆసుపత్రికి వచ్చిన ఆరోగ్యవంతమైన పిల్లి గుండె నిమిషానికి 180 నుంచి 220 సార్లు కొట్టుకుంటుంది. జబ్బుతో వచ్చిన పిల్లికి 140 లోపు ఉందంటే నెమ్మదిగా ఉందని ఊరట చెందరాదు, ఉలిక్కిపడాలి. 120 కూడా లేక, ఒంటి వేడి 97 డిగ్రీల ఫారన్‌హీట్ లోపునకు పడిపోతే రక్తపరీక్ష ఫలితం రాకముందే పొటాషియం ప్రమాదస్థాయి దాటిందని అనుమానించాలి. రక్తంలో పొటాషియం కొలిచే యంత్రం లేని చోట స్టెతస్కోపు, థర్మామీటరు చేతిలో ఉన్న సహాయకుడు ఇచ్చే ఈ రెండు అంకెలే వైద్యునికి దారి చూపుతాయి.

తర్వాత పనులన్నీ ఒకదాని వెంట ఒకటి జరగాలి. ముంగాలికి సూది గొట్టం అమర్చడం, రక్తం తీయడం, ఈసీజీ తీగలు తగిలించడం, చల్లబడిన ఒంటికి వెచ్చదనం కల్పించడం. ఇక్కడ ఇంటివారికి వచ్చే సందేహం ఒకటుంది. మూత్రమే రావడం లేదు, మళ్లీ సెలైన్ ఎందుకని. రక్తంలో పేరుకున్న పొటాషియాన్ని పలచబరచడానికి, పడిపోయిన రక్తపోటును నిలబెట్టడానికి సెలైన్ తప్పనిసరి. గుండె లయ తప్పినప్పుడు వైద్యుడు కాల్షియం గ్లూకోనేట్‌ను నరంలోకి చాలా నెమ్మదిగా ఎక్కిస్తారు. ఇది పొటాషియాన్ని తగ్గించదు, కొద్దిసేపు గుండెకు కాపుగా ఉంటుంది. ఇన్సులిన్‌ను గ్లూకోజుతో కలిపి ఇస్తే పొటాషియం కణాల్లోకి వెళ్తుంది. మందు ఎక్కుతున్నంతసేపూ గుండె చప్పుడు వింటూ, వేగం మారగానే చెప్పాల్సింది పక్కనున్న సహాయకుడే.

పిల్లి కాస్త నిలదొక్కుకున్నాక మత్తిచ్చి సన్నని క్యాథెటర్ గొట్టంతో అడ్డును తొలగిస్తారు. శుద్ధమైన సెలైన్‌ను సిరంజితో కొడుతూ బిరడాను వెనక్కి నెట్టి దారి చేస్తారు. కొన్నిసార్లు ముందుగా పొట్టమీదుగా సూదితో మూత్రం తీసి ఒత్తిడి తగ్గిస్తారు. ఇది వైద్యుని చేతి పని. గొట్టాలు, జెల్లీ, సిరంజిలు ముందే పేర్చి ఉంచడం, ఆ భాగంలో బొచ్చు తీసి శుభ్రపరచడం, మత్తులో ఊపిరిని కనిపెట్టడం, వచ్చిన మూత్రాన్ని పరీక్షకు పట్టడం నర్సు పని. విషపదార్థాలు నిండిన ఒంటికి మత్తు ఎంత ప్రమాదమో తెలిసిన సహాయకుడు ఆ అరగంట పిల్లి పక్కటెముకల మీద నుంచి చూపు తిప్పడు.

అసలు పరీక్ష అప్పుడే

మూత్రం ధారగా రాగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. గొట్టాన్ని కుట్లతో నిలిపి, తోకకు కలిపి టేపు వేసి, మూత్రం సంచికి బిగిస్తారు. సాధారణంగా ఒకటి రెండు రోజులు ఇలా ఉంచుతారు. పసిపిల్లలకు వాడే మూత్రం సంచి దొరకని చోట ఖాళీ అయిన సెలైన్ సంచిని, దాని గొట్టాన్ని శుభ్రత చెడకుండా వాడుకోవచ్చు. బయటి గాలి, మురికి లోపలికి పోకుండా అంతా మూసి ఉండాలన్నదే నియమం. సంచి ఎప్పుడూ పిల్లి కంటే కిందనే ఉండాలి. పైకెత్తితే సంచిలోని మూత్రం వెనక్కి మూత్రాశయంలోకి పోయి క్రిములు చేరతాయి. గొట్టం ముట్టుకునే ప్రతిసారీ గ్లౌజులు వేసుకోవాలి.

ఇక లెక్క. మామూలుగా పిల్లి కిలో బరువుకు గంటకు ఒకటి రెండు మిల్లీలీటర్ల మూత్రం పోస్తుంది. నాలుగు కిలోల పిల్లికి గంటకు నాలుగు నుంచి ఎనిమిది మిల్లీలీటర్లు. అడ్డు తొలగిన తర్వాత చాలా పిల్లుల్లో ఇది ఒక్కసారిగా పెరిగిపోతుంది. మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచే శక్తిని తాత్కాలికంగా కోల్పోవడం, ఇన్నాళ్లూ పేరుకున్న లవణాలు, యూరియా తమతో పాటు నీటిని లాక్కుపోవడం ఇందుకు కారణం. అదే నాలుగు కిలోల పిల్లి గంటకు 40 మిల్లీలీటర్లు పోయడమూ ఉంటుంది. సెలైన్ మాత్రం పాత వేగంతో గంటకు 15 మిల్లీలీటర్లే ఎక్కుతోందనుకుందాం. గంటకు 25 మిల్లీలీటర్ల లోటు. నాలుగు గంటలు ఎవరూ సంచి చూడకపోతే 100 మిల్లీలీటర్లు. అంత చిన్న ప్రాణికి అది పెద్ద నష్టం. అడ్డు తొలగిందన్న సంబరంలో ఉండగానే పిల్లి నీరసించి చనిపోవచ్చు. అందుకే రెండు నుంచి నాలుగు గంటలకోసారి సంచిని కొలిచి, ఎక్కిన సెలైన్ ఎంత, వచ్చిన మూత్రం ఎంత అని పక్కపక్కన రాయాలి. ఈ రెండు అంకెలు చూసే వైద్యుడు సెలైన్ వేగాన్ని మారుస్తారు. లెక్క సరిచూసుకోవడానికి త్రాసు కూడా తోడ్పడుతుంది. పిల్లి బరువు పూటలో 100 గ్రాములు తగ్గిందంటే దాదాపు 100 మిల్లీలీటర్ల నీరు పోయినట్లే.

వేగంగా మూత్రం పోయే పిల్లిలో పొటాషియం కూడా కొట్టుకుపోతుంది. నిన్న ఎక్కువై చంపబోయిన లవణం ఇవాళ తక్కువై మెడ నిలవనంత నీరసం తెస్తుంది. అందువల్ల రక్తపరీక్ష ఒక్కసారి చేసి ఊరుకోవడం కుదరదు.

సంచిలో మూత్రం తగ్గిపోతే కంగారు పడేముందు గొట్టం చూడాలి. పిల్లి పక్కకు తిరిగి పడుకుంటే గొట్టం మడతపడుతుంది. రక్తపు గడ్డ అడ్డుపడవచ్చు, అతుకు ఊడవచ్చు. పొట్ట తడిమితే మూత్రాశయం నిండిందో లేదో తెలుస్తుంది. నిండి ఉంటే గొట్టంలో లోపం. ఖాళీగా ఉంటే ఒంట్లో నీరు చాలకపోవడమో, మూత్రపిండాలు పనిచేయకపోవడమో. ఈ తేడాను చెప్పగలిగిన సహాయకుడు వైద్యునికి సగం పని తగ్గిస్తాడు.

నొప్పి మాట చాలాచోట్ల మరుగున పడుతోంది. పిల్లి నొప్పిని దాచుకునే జంతువు. వీపు వంచి కూర్చోవడం, కళ్లు సగం మూయడం, చెవులు పక్కలకు వాల్చడం, ముట్టుకుంటే గుర్రుమనడం నొప్పికి గుర్తులు. వాటిని గమనించి చెబితే వైద్యుడు మందు మోతాదు పెంచుతారు. మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటు తప్పనిసరి, లేకుంటే గొట్టాన్ని పళ్లతో పీకేస్తుంది. గరాటుతో తినడం ఇబ్బంది కాబట్టి, మనిషి దగ్గరుండగా తీసి తినిపించి మళ్లీ తొడగాలి. ఒళ్లు చేసిన పిల్లి రెండు మూడు రోజులు తినకుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని మరో జబ్బు మొదలవుతుంది. కుక్కల బోన్లకు దూరంగా, గుడ్డ కప్పిన బోనులో ఉంచితే పిల్లి బెదురు తగ్గుతుంది. ఖర్చులేని ఈ పని ఎన్ని మందులకైనా తోడు.

యాంటీబయాటిక్స్ అందరికీ వేయాల్సిన పనిలేదు. ఈ పిల్లుల్లో చాలావాటికి మొదట క్రిముల బాధ ఉండదు. గొట్టం లోపల ఉండగా ముందుజాగ్రత్త పేరిట మందు వేస్తే మందుకు లొంగని క్రిములే మిగులుతాయి. గొట్టం తీసేటప్పుడు మూత్రాన్ని పరీక్షకు పంపి, అవసరమైతేనే వాడాలి. గొట్టం తీశాక పిల్లి తనంతట తాను ధారగా మూత్రం పోయడం కళ్లారా చూసే వరకు ఇంటికి పంపరాదు.

మన దగ్గర ఎవరు చేయాలి?

ఈ పనులకు బ్రిటన్‌లో ప్రత్యేకంగా చదువుకున్న నర్సులుంటారు. అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ 1961లో శిక్షణ ప్రారంభించింది. అప్పట్లో నర్సు అన్న పేరు మనుషుల ఆసుపత్రులకే పరిమితమైనందున వీరిని జంతు సేవా సహాయకులని పిలిచేవారు. 1984లో గానీ పశువైద్య నర్సు అన్న పేరు దక్కలేదు. 1991లో చట్టం సవరించి వైద్యుని ఆదేశంతో కొన్ని చికిత్సలు చేసే అధికారమిచ్చారు.

కాకతాళీయంగా అదే 1984లో మన పార్లమెంటు భారత పశువైద్య మండలి చట్టం చేసింది. అందులో నర్సు ఊసు లేదు. డిప్లొమా లేదా ధ్రువపత్రం ఉన్న సహాయకులు నమోదైన పశువైద్యుని పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు అందించేలా రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతించవచ్చని 30వ సెక్షన్ చెబుతోంది. టీకాలు, కట్లు, వీర్యగ్రంథులు నొక్కడం వంటివి అందులోని ఉదాహరణలు. 2005లో తిరుపతి కేంద్రంగా ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని పాలిటెక్నిక్‌లు రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఇస్తున్నాయి. అక్కడ చదివిన వారు ఆవులు, గేదెలు, గొర్రెల విషయంలో ఆరితేరుతారు. రైతు ప్రయోజనం దృష్ట్యా అది సబబే. పిల్లి ముంగాలి నరం పట్టుకోవడం, మూత్రం సంచి లెక్క రాయడం మాత్రం ప్రైవేటు క్లినిక్‌లలో చేయి తిరిగిన వైద్యుని వద్ద చూసి నేర్చుకోవాల్సిందే. ఎన్నోచోట్ల ఆ సహాయకుడు పదో తరగతి చదివిన కుర్రాడు. అతనికి ఓ గడియారం, ఓ కొలత పాత్ర, గీతలు గీసిన ఓ నోటుపుస్తకం ఇచ్చి నేర్పిస్తే పై పనుల్లో సగం చేయగలడు. సూది మందులు, గొట్టం వేయడం మాత్రం అతని జోలికి రాకూడదు.

తేలని చిక్కు రాత్రి కాపలాది. జిల్లా కేంద్రాల్లో సైతం పిల్లుల కోసం రాత్రంతా తెరిచి ఉండే ఆసుపత్రులు తక్కువ. గొట్టం వేసిన పిల్లిని తాళం వేసిన గదిలో ఒంటరిగా వదిలి తెల్లవారి చూడటం కంటే, బోధనాసుపత్రికి పంపడం మేలు. తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి పశువైద్య కళాశాలలు, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు కళాశాలలు ఉన్నాయి. బయలుదేరే ముందు ఫోన్ చేసి, ఆ వేళకు వైద్యులున్నారో లేదో కనుక్కోవాలి. గుండె నిలదొక్కుకోకుండా దూర ప్రయాణం మంచిది కాదు గనుక ప్రథమ చికిత్స స్థానికంగా చేయించుకోవాలి. అదీ కుదరకపోతే ఇంటివారిలో ఒకరు క్లినిక్‌లో రాత్రి ఉండటానికి సిద్ధపడాలి. సంచి ఎలా కొలవాలో, దేనికి ఫోన్ చేయాలో వారికి నేర్పి వెళ్లడం సహాయకుని బాధ్యత.

ఇంటికి వచ్చాక

మళ్లీ అడ్డుపడే అవకాశం మొదటి వారంలో ఎక్కువ. ఇంటికి పంపేటప్పుడు వైద్యుడు మందుల చీటీ రాస్తారు, మిగతా సంగతులు తీరిగ్గా చెప్పాల్సింది నర్సే. ఇసుక తొట్టెలో తడి ఉండల సంఖ్య, సైజు రోజూ చూడాలి. ఇసుక వాడని ఇళ్లలో తొట్టెలో పాత గుడ్డ పరిస్తే తడి తెలుస్తుంది. ఆరుబయట తిరిగే పిల్లిని ఈ వారం రోజులు ఇంట్లోనే ఉంచాలి, లేకుంటే పోసిందో లేదో తెలిసే దారి లేదు.

ఒంట్లోకి నీరు ఎక్కువగా చేరాలి. ఎండు గుళికలకు బదులు తడి ఆహారం, ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చేప లేదా కోడిమాంసం నీళ్లతో పెట్టవచ్చు. ఇది కొద్దిరోజులకే. స్ఫటికాల రకాన్ని బట్టి వైద్యుడు ప్రత్యేక ఆహారం సూచిస్తే అదే పెట్టాలి. స్ట్రువైట్ రకం రాళ్లు ఆ ఆహారంతో కరుగుతాయి, కాల్షియం ఆక్సలేట్ రాళ్లు కరగవు. నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టాలి. పాలు నీటికి బదులు కావు, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు పడక విరేచనాలవుతాయి. రెండు పిల్లులున్న ఇంట్లో మూడు తొట్టెలుండాలి. ఎంత చికిత్స చేసినా పదేపదే అడ్డుపడే పిల్లులకు సన్నని చివరి భాగాన్ని తొలగించి దారి వెడల్పు చేసే శస్త్రచికిత్స ఉంది.

ఇంటికి వచ్చిన పిల్లి మళ్లీ తొట్టె చుట్టూ తిరగడం మొదలుపెడితే, వాంతి చేసుకుంటే, ఆరేడు గంటల పాటు ప్రయత్నిస్తున్నా తడి కనిపించకపోతే రాత్రయినా, ఆదివారమైనా క్లినిక్‌కు ఫోన్ చేయాలి. వెళ్లేటప్పుడు చివరిసారి మూత్రం పోసిన వేళ, వేసిన మందులు, తిన్న ఆహారం ఓ కాగితం మీద రాసుకుని తీసుకెళ్లాలి. బల్ల దగ్గర నిలబడిన సహాయకుడు అడిగే మొదటి ప్రశ్న వాటి గురించే.